నాబోతు పిల్లల సంగతేమిటి?

పోయిన ఎండాకాలం వనపర్తి పక్క పల్లెలో మూడు రాత్రుల ఉజ్జీవ సభలు జరిగాయి. ఊరి పేరు, ప్రసంగికుడి పేరు రాయను. మూడో రాత్రి వాక్యం రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయం, నాబోతు ద్రాక్షతోటను రాజు అహాబు లాక్కున్న కథ. గంటన్నర చెప్పారు. అహాబు ఎందుకు చెడ్డాడు? పెళ్లాం మాట విని చెడ్డాడు. దేవుణ్ణి వదిలి బయలుకు మొక్కి చెడ్డాడు. కాబట్టి మీ ఇంట్లో యెజెబెలు ఉందేమో చూసుకోండి, దశమభాగం ఎగ్గొట్టకండి, దైవజనుడి మాట జవదాటకండి, అప్పుడు ఎండిన మీ బోర్లలో దేవుడు నీళ్లు పోస్తాడు అన్నారు. సభ ముగిసింది. పట్టాలు చుట్టేస్తున్నారు. ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ మోకాళ్ల మీద చేతులూని లేచి ఆయన దగ్గరికి పోయి అడిగింది: "అయ్యా, మరి ఆ తోట నాబోతు పిల్లలకు మళ్లొచ్చిందా?"

ఆయన అవ్వ తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసి పంపించేశారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చుట్టుపక్కల చర్చిల్లో ఇశ్రాయేలు రాజుల మీద నేను విన్న వందలాది ప్రసంగాల్లో ఆ తోట ఏమైందని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. రాజు ఏమయ్యాడన్నదే అందరికీ కావాలి. మంచి రాజుకు దీవెన, చెడ్డ రాజుకు శాపం. నువ్వు మంచి రాజులా ఉంటే నీకూ దీవెన. అభిషిక్తుడి జోలికి పోతే నాశనం. నీ పాస్టరుగారు అభిషిక్తుడు. ఈ రెండు సూత్రాల మీదే మా ప్రాంతంలో రాజుల గ్రంథాలు నడుస్తున్నాయి. రెండూ తప్పు. బైబిలు వాటిని ఒప్పుకోదు. పాలమూరు మట్టిలో పుట్టినవాళ్లు వాటిని అసలే ఒప్పుకోకూడదు.

ముందు దీవెన లెక్క చూద్దాం. యూదా రాజుల్లో అందరికంటే ఎక్కువ కాలం ఏలినవాడు ఎవరు? మనష్షే, 55 ఏళ్లు. యెరూషలేమును నిరపరాధుల రక్తంతో నింపినవాడని ఆ గ్రంథమే అంటుంది. మరి అంతటి మంచి రాజు ముందూ లేడు, వెనకా లేడని అదే గ్రంథం పొగిడిన యోషీయా? ఎనిమిదేళ్ల వయసులో గద్దెనెక్కి, 31 ఏళ్లు ఏలి, మెగిద్దోలో ఐగుప్తు రాజు ఫరో నెకో చేతిలో చచ్చిపోయాడు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి. ఉత్తర దేశంలో రెండో యరొబాము 41 ఏళ్లు ఏలి, పోయిన సరిహద్దులన్నీ తిరిగి తెచ్చాడు. దేశం పచ్చగా ఉంది. ఆ పచ్చదనంలోనే ఒక జత చెప్పుల కోసం బీదవాణ్ణి అమ్ముకుంటున్నారని కేక పెట్టినవాడు ఆమోసు. రాజుల గ్రంథం రెండో యరొబాముకు ఇచ్చిన చోటు ఏడు వచనాలు. ఒమ్రీ సంగతి మరీ విచిత్రం. మోయాబు రాజు మేషా తన రాతి శాసనంలో ఆయన పేరు చెక్కించాడు. అష్షూరు వాళ్లు తరాల తర్వాత కూడా ఆ దేశాన్ని ఒమ్రీ ఇల్లు అనే పిలిచారు. లోకం అంత పెద్దవాడిగా ఎరిగిన ఆ రాజు ఏలుబడిని బైబిలు ఆరు వచనాల్లో చెప్పి ముందుకు పోయింది. వైభవాన్ని దీవెనగా లెక్కగట్టే పుస్తకమే అయితే ఇలా రాస్తుందా?

"ద్వితీయోపదేశకాండమే చెప్తోంది కదా, వింటే దీవెన, వినకపోతే శాపం అని" అని ఒక సంఘపెద్ద నాతో వాదించారు. నిజమే, చెప్తోంది. దినవృత్తాంతాలు రాసినాయనా ఆ లెక్క సరిపెట్టాలని చాలా తంటాలు పడ్డాడు. మనష్షే అంతకాలం ఎలా బతికాడంటే బబులోను చెరలో పశ్చాత్తాపపడ్డాడన్నాడు. యోషీయా ఎందుకు అట్లా పోయాడంటే నెకో నోట వచ్చిన దేవుని మాట వినలేదన్నాడు. రాజుల గ్రంథం మాత్రం ఆ జవాబు ఇవ్వదు. యోషీయా ఎంత మంచివాడైనా తాత మనష్షే చేసిన పాపం తాలూకు కోపం చల్లారలేదంటుంది. లెక్క కుదరనిచోట కుదరలేదని ఒప్పుకునే నిజాయితీ పరిశుద్ధ గ్రంథానికే ఉంది. మనకెందుకు లేదు? సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోతే వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగాడు. కాదని తనే జవాబు చెప్పాడు. పుట్టుగుడ్డివాడి విషయంలోనూ అంతే. యేసు కొట్టేసిన లెక్కను ఆయన పేరు మీదే మళ్లీ పెట్టి, నాగర్‌కర్నూలు పల్లెల్లో నాలుగు బోర్లు వేసి నాలుగూ ఎండిన రైతు నెత్తిన రుద్దుతున్నారు. వానలు రాకపోతే అతని పాపమట. అప్పు తీరకపోతే అతని విశ్వాసంలో లోపమట. పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి బొంబాయికో పుణెకో వలసపోయిన ఇంటికి తాళం చూసి, "దేవుణ్ణి వదిలినందుకే" అన్నవాళ్లను నేను నా చెవులారా విన్నాను. ఇది వాక్యం కాదు, పుండు మీద కారం.

ఏలీయా కాలంలో కరువు వచ్చింది. అహాబు పాపం వల్లే వచ్చింది, సరే. ఎండింది ఎవరి కడుపు? సారెపతులో ఒక విధవరాలు రెండు పుల్లలు ఏరుకుంటోంది, చివరి రొట్టె కాల్చుకుని కొడుకుతో కలిసి తిని చావడానికి. అదే కరువు మూడో ఏట అహాబు ఏం చేస్తున్నాడో రాజుల మొదటి గ్రంథం 18వ అధ్యాయంలో చూడండి. తన గృహనిర్వాహకుడు ఓబద్యాను పిలిచి, గుర్రాలూ కంచరగాడిదలూ చావకుండా గడ్డి ఎక్కడైనా దొరుకుతుందేమో, నువ్వు ఆ వైపు వెళ్లు, నేను ఈ వైపు వెళ్తానని దేశం పంచుకున్నాడు. మనుషుల మాట ఎత్తలేదు. పాపం రాజుది, ఆకలి విధవరాలిది. కరువు చూసిన పాలమూరు ప్రసంగికుడికి ఈ వచనం దగ్గర గొంతు పూడుకుపోవాలి.

సొలొమోను దగ్గరికి వద్దాం. "జ్ఞానం అడిగాడు, దేవుడు ఐశ్వర్యం కూడా ఇచ్చాడు" అనే మాట వినని ఆదివారం లేదు. ఆయన ఐశ్వర్యం లెక్కలు బైబిల్లోనే ఉన్నాయి: ఏటా 666 తలాంతుల బంగారం, 1,400 రథాలు, 12,000 మంది రౌతులు, 700 మంది రాణులు, 300 మంది ఉపపత్నులు. ఇప్పుడు ద్వితీయోపదేశకాండం 17వ అధ్యాయం పక్కన పెట్టుకోండి. రాజు ఏం చేయకూడదో అక్కడ రాసి ఉంది: గుర్రాలు పోగేయకూడదు, భార్యలను పోగేయకూడదు, వెండి బంగారాలు పోగేయకూడదు. ఆ మూడూ సొలొమోను పోగేశాడు. దేవుడిచ్చిన ధనమే కదా అంటారు. ఇచ్చిన దానితో రాజు ఏం చేశాడో వరసగా చదవండి. మనం దీవెన పట్టికగా చదువుతున్నది అతని నేరాల పట్టిక కూడా.

ఆ గుడి, ఆ నగరు ఎవరు కట్టారు? 30,000 మందిని పట్టి, నెలకు 10,000 మంది చొప్పున వంతులవారీగా లెబానోను కొండలకు పంపాడు. ఒక నెల అక్కడ, రెండు నెలలు ఇంటిదగ్గర. బరువులు మోసేవాళ్లు 70,000, కొండల్లో రాళ్లు కొట్టేవాళ్లు 80,000, వాళ్ల మీద మేస్త్రీలు 3,300. దేవుని మందిరానికి ఏడేళ్లు పడితే తన ఇంటికి పదమూడేళ్లు పట్టింది. ఈ పనికి మన తెలుగు బైబిలు వాడిన మాట "వెట్టి". మిత్రులారా, ఆ మాట మనకు నిఘంటువు చూసి తెలిసింది కాదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాల కింద, నిజాము రాజ్యంలో, ఈ చర్చిల్లో కూర్చున్నవాళ్ల తాతముత్తాతలు, ముఖ్యంగా మాదిగ, మాల ఇళ్లవాళ్లు, చేసినది అదే పని, దాని పేరూ అదే. తర్వాత నాగార్జునసాగరం కట్ట నుంచి ఎన్నో ప్రాజెక్టుల దాకా "పాలమూరు లేబరు" అనే పేరు మనవాళ్లకు పడింది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి, లారీ ఎక్కించి తీసుకుపోయాడు. సొలొమోను కూలీకి మూడు నెలల్లో రెండు నెలలు ఇల్లు దక్కింది. మనవాళ్లలో చాలామందికి ఏడాదిలో రెండు మూడు నెలలు కూడా దక్కలేదు.

వెట్టి చేసిన మనిషి మనవడు వేదికెక్కి "సొలొమోనులా ఆశీర్వదించు ప్రభువా" అని ప్రార్థిస్తుంటే నాకు గుండె కలుక్కుమంటుంది. ఆ కథలో మనవాళ్లు రాళ్ల గుట్ట కింద ఉన్నారు నాయనా, సింహాసనం మీద లేరు. సొలొమోను పోగానే ఆ జనం రెహబాము దగ్గరికి వచ్చి అడిగింది ఒక్కటే: మీ నాన్న పెట్టిన కాడి బరువు తగ్గించు. వాడు తగ్గించనన్నాడు, వెట్టివాళ్ల మీది అధికారి అదోరామును పంపాడు. జనం అతణ్ణి రాళ్లతో కొట్టి చంపారు, రాజ్యం రెండు ముక్కలైంది. దేశం చీలింది విగ్రహాల వల్లే అని మాత్రమే చెప్పేవాళ్లు ఈ ఘట్టం మళ్లీ చదవాలి. ఇదంతా జరుగుతుందని సమూయేలు ముందే చెప్పాడు. రాజు కావాలని జనం గోల చేసినప్పుడు, మీ కొడుకుల్ని తీసుకుంటాడు, కూతుళ్లను తీసుకుంటాడు, పొలాలు తీసుకుంటాడు, పంటలో పదోవంతు తీసుకుంటాడు అని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పదోవంతు ఆ జాబితాలో ఏ సందర్భంలో వచ్చిందో, దశమభాగం ప్రసంగం చేసేవాళ్లు ఒక్కసారి చూసుకోవాలి.

మన సంస్థానాలనే చూడండి. గద్వాలను విద్వద్గద్వాల అన్నారు. పండితులకు, కవులకు సంస్థానాధీశులు ఇచ్చిన సన్మానాలు తక్కువవి కావు. శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడి, పక్కనే రంగసముద్రం చెరువు చూస్తే ఎవరికైనా కళ్లు చల్లబడతాయి. నేను వాటిని తక్కువ చేయడం లేదు. అయితే సన్మానం పొందినవాళ్లు రాసిన చరిత్రలో చెరువు మట్టి మోసినవాళ్ల పేర్లుండవు. ఈ లోటును పట్టుకున్నవాడు మన మట్టిలోనే పుట్టాడు. ఇటిక్యాలపాడు సొంతూరుగా, గోలకొండ పత్రిక నడిపి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచిన సురవరం ప్రతాపరెడ్డి గారు "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" రాసింది జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఎట్లా బతికారు అని చెప్పడానికి. ఇశ్రాయేలు రాజుల చరిత్రలో మాత్రం ఒక అపురూపమైన సంగతి ఉంది. దానిలో ప్రవక్తల గొంతు రాజుల గొంతు కంటే పైన వినిపిస్తుంది. ఆ ప్రవక్తలను రాజులు తరిమారు, జైల్లో పెట్టారు, కొందర్ని చంపారు. ఆ చరిత్రను ఇప్పుడున్న రూపంలోకి తెచ్చింది ఓడిపోయి చెరకు పోయిన జనం. అటువంటి పుస్తకాన్ని రాజుల వైపు నిలబడి చదివితే దాని నోరు నొక్కినట్టే.

ఇక రెండో సూత్రం, "నా అభిషిక్తులను ముట్టకూడదు" అనే మాట. దీని దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ హాని జరుగుతున్నది ఇక్కడే. సంఘం లెక్కలు చూపమని అడిగితే ఈ వాక్యం. మిషన్ కాంపౌండులో స్థలం ఎవరి పేరున మారిందని అడిగితే ఈ వాక్యం. ఒక ఆడపిల్ల తనకు జరిగింది చెప్పబోతే ఈ వాక్యం. 105వ కీర్తనలో ఉంది, తీసి చదవండి. అభిషిక్తులంటే అక్కడ ఎవరు? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. నిలకడైన చోటు లేక, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి గుడారాలు మోసుకుంటూ తిరిగినవాళ్లు, లెక్కకు కొద్దిమంది, పరదేశులు. ముట్టొద్దని దేవుడు గద్దించింది ఎవర్ని? రాజులను. వలసపోయే బలహీనుల్ని బలవంతుల నుంచి కాపాడటానికి దేవుడు పలికిన మాట అది. ఈ ప్రాంతంలో దానికి హక్కుదారులు ఎవరైనా ఉంటే, అర్ధరాత్రి మూటాముల్లె నెత్తిన పెట్టుకుని బస్టాండులో కూర్చునే వలస కుటుంబాలే. దాన్ని వాళ్ల చేతిలోంచి లాక్కుని వాళ్లమీదికే తిప్పారు.

దావీదు సౌలును ముట్టలేదు కదా అంటారు. చంపలేదు, అంతే. గుహలో ఉన్న సౌలు బట్ట చెంగు కోసుకుని, బయటికి వచ్చి, ఆ ముక్క చేత్తో పట్టుకుని, అందరూ వినేలా అతని తప్పు ఎత్తి చూపాడు. అభిషిక్తుణ్ణి చంపకూడదనేది ఒకటి, ప్రశ్నించకూడదనేది ఇంకొకటి. అదే దావీదు ఊరియాను చంపించి బత్షెబను తెచ్చుకున్నప్పుడు ప్రవక్త నాతాను మొహం మీదే చెప్పాడు. మీకాయా అహాబుకు ఎదురు చెప్పి రొట్టెముక్క, గుక్కెడు నీళ్లతో జైల్లో పడ్డాడు. ఉజ్జియా మంచి రాజు; బావులు తవ్వించాడు, బురుజులు కట్టించాడు, సేద్యమంటే ప్రాణం పెట్టినవాడని రాశారు. ఆయన గుడిలోకి చొరబడి ధూపం వేయబోతే అజర్యాతోపాటు 80 మంది యాజకులు అడ్డం నిలబడ్డారు. రాజు కదా, అభిషిక్తుడు కదా అని ఊరుకోలేదు.

యూదా రాజు ఆసా కథను వాడుకునే తీరు ఇంతకంటే బాధ. కాళ్లకు జబ్బు చేస్తే దేవుణ్ణి అడగకుండా వైద్యుల దగ్గరికి పోయాడు, అందుకే చచ్చాడు, కాబట్టి ఆస్పత్రికి పోకండి అని చెప్పే ప్రార్థనా మందిరాలు ఉన్నాయి. షుగరు మాత్రలు ఆపేసి కాలు తీయించుకున్న ఒక బంధువు మా ఇంట్లోనే ఉన్నాడు. ఆ మాట దగ్గర నుంచి రెండు వచనాలు వెనక్కి వెళ్లి చదివితే తెలుస్తుంది, ఆసా అంతకుముందే చేసిన తప్పు ఏమిటో. తన తప్పు చెప్పిన దీర్ఘదర్శి హనానీ మీద కోపం వచ్చి అతణ్ణి జైల్లో వేశాడు, జనంలో కొందరిని హింసించాడు. ప్రశ్నించినవాడి నోరు మూయించడం. ఆ ముక్క వదిలేసి వైద్యుల ముక్క పట్టుకున్నారు. హిజ్కియాకు పుండు పుడితే యెషయా ప్రవక్తే అంజూరపండ్ల ముద్ద కట్టమన్నాడు కదా? పైగా ఏ ప్రాంతంలో ఈ మాట చెప్తున్నారు? 1907లో వచ్చి, నాగర్‌కర్నూలులో కూడా పనిచేసి, 1945లో కన్నుమూసేదాకా నిజాము రాజ్యంలోనే వైద్యం చేసిన డాక్టర్ కతరీనా షెల్లెన్‌బర్గ్ నడిచిన నేల మీద, జడ్చర్ల మిషన్ ఆస్పత్రిలో పిల్లల్ని కన్న తల్లుల ముందు.

ఆ డాక్టరమ్మను పంపిన సంఘం ఎక్కడి నుంచి వచ్చిందో మనవాళ్లు మరిచిపోయారు. 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులతో హైదరాబాదు రాజ్యంలో అడుగుపెట్టి నాగర్‌కర్నూలు, వనపర్తిలో కేంద్రాలు పెట్టి, 1937లో బాప్టిస్టుల నుంచి గద్వాలను తీసుకున్న మెన్నోనైట్ బ్రదరన్ సంఘం మూలాలు 16వ శతాబ్దపు ఐరోపాలో ఉన్నాయి. రాజూ మతమూ ఒకటి కాకూడదన్నందుకు, కత్తి పట్టేది లేదన్నందుకు ఆ తొలి విశ్వాసులను తరిమారు. 1527 జనవరిలో జూరిక్ నగరసభ వాళ్లలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను చేతులు కట్టి నదిలో ముంచి చంపించింది. విశ్వాసులందరూ యాజకులే అన్నది వాళ్ల నమ్మకం. అందుకోసం ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల పేరు బోర్డు మీద రాసుకున్న సంఘంలో, ఒక మనిషికి శాలువా కప్పి, సింహాసనంలాంటి కుర్చీ వేసి, ప్రశ్నించరాని రాజును చేయడం నేను భరించలేను. యేసును రాజును చేద్దామని జనం వస్తే ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయాడు.

ఇప్పుడు మళ్లీ నాబోతు. అతను తోట ఇవ్వనన్నది మొండితనంతో కాదు. పిత్రార్జితం శాశ్వతంగా అమ్ముకోవద్దని ధర్మశాస్త్రం. మన దగ్గరా ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమి అమ్మకూడదు, కొనకూడదని 1977లో చట్టం వచ్చింది. అయినా ఆ భూములు ఎట్లా చేతులు మారాయో పల్లెల్లో చెప్పనవసరం లేదు. 2016 అక్టోబరులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ జిల్లా కేంద్రాలయ్యాక రోడ్డు పక్క ఎకరం ధర ఎక్కడికి పోయిందో కూడా. అహాబు మొదట మంచి ధర ఇస్తానన్నాడు. కాదంటే అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు అతని భార్య యెజెబెలు రాజు ముద్ర వేసి పంపిన ఉత్తరాలు నాబోతు ఊరి పెద్దలకే వెళ్లాయి. ఏం చేయమని? ఉపవాసం చాటించమని. నాబోతును జనం ముందు కూర్చోబెట్టమని. ఇద్దరు దొంగ సాక్షుల్ని పెట్టి చంపించమని. ఒక మనిషి తోట కాజేయడానికి ఊరంతా ఉపవాసం ఉంది. ఉపవాస ప్రార్థనలు పెట్టే సంఘాల్లో ఈ ముక్క మీద ఒక్క ప్రసంగమైనా జరగాలని నేను కోరుకుంటున్నాను. యెజెబెలు ఒక్కతే ఆ పని చేయలేదు. సంతకాలున్నాయి, ముద్రలున్నాయి, నోరెత్తని పెద్దమనుషులున్నారు.

అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు వెతికాను. రాజుల రెండో గ్రంథం 9వ అధ్యాయంలో ఉంది. అహాబు కొడుకు శవాన్ని సేనాధిపతి యెహూ ఆ పొలంలోనే పడేయిస్తూ, నాబోతు రక్తంతోపాటు అతని కొడుకుల రక్తం మాట కూడా ఎత్తుతాడు. అంటే పిల్లల్నీ చంపేశారు. తోట మళ్లలేదు.

అదే గ్రంథం చివరికి వస్తే యెరూషలేము కాలిపోయింది. రాజుల్నీ పెద్దల్నీ బబులోనుకు తోలుకుపోయారు. దేశంలో మిగిలింది కడు బీదవాళ్లు. యిర్మీయా గ్రంథం 39వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది: ఏమీ లేని ఆ బీదలకు బబులోను సేనాపతి నెబూజరదాను ద్రాక్షతోటలూ పొలాలూ ఇచ్చాడు. నాతో బబులోనుకు రా, బాగా చూసుకుంటానని యిర్మీయానూ పిలిచాడు. యిర్మీయా పోలేదు, ఆ బీదల మధ్యే ఉండిపోయాడు.

మొన్న ఆ ఊరికి పోయినప్పుడు అవ్వ దగ్గర కూర్చుని ఈ రెండు చోట్లా చదివి వినిపించాను. నాబోతు పిల్లల మాటకు చాలాసేపు ఏమీ అనలేదు. రెండోది విన్నాక, కంటి మీద పడ్డ వెంట్రుకలు తోసుకుని అడిగింది:

"భూమి ఇచ్చినాయన పేరేంది అన్నవ్? ఇంకొక్కపారి చెప్పు."